ఇంటికొచ్చినా రాని మనిషి

(భిలాయిలో మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో దేశభక్తి గురించీ, మాతృభాష గురించీ మంచి మాటలు వింటున్నాం. ఈసారి ఏదైనా ఒక సినిమా గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఎంచుకున్నది తెలుగు సినిమా కాదు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేదీ కాదు. ఒక కిరాయి హంతకుడి కథ. మాజీ సైనికులున్న సభలో ఇదేం విషయం అనుకోకండి. ఆ హంతకుడూ ఒకప్పుడు మనలాగే యూనిఫాం వేసుకున్నవాడే. అందుకే ఇక్కడ చెప్పాలనిపించింది.

సినిమా పేరు 'యూ వర్ నెవర్ రియల్లీ హియర్'. 2017లో వచ్చింది. తీసినావిడ స్కాట్లాండుకు చెందిన లిన్ రామ్సే. జోనథన్ ఏమ్స్ రాసిన ఒక చిన్న నవల దీనికి ఆధారం. జో అనే పాత్ర వేసిన వాకీన్ ఫీనిక్స్‌కి ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతిని ఇంకో సినిమాతో కలిపి దీనికీ ఇచ్చారు. నిడివి మొత్తం గంటన్నర.

కథ రెండు ముక్కల్లో చెప్తాను. జో ముసలితల్లితో కలిసి న్యూయార్క్‌లో ఉంటాడు. ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి వ్యాపారం చేసే ముఠాల దగ్గర్నుంచి వాళ్ళని విడిపించి తేవడం అతని పని. దానికి డబ్బు తీసుకుంటాడు. అడ్డొచ్చినవాణ్ణి చంపుతాడు. ఆయుధం తుపాకీ కాదు, హార్డ్‌వేర్ షాపులో కొన్న సుత్తి. ఒక సెనేటర్ కూతురు నీనాని తెమ్మని పని అప్పగిస్తారు. పిల్లని తెస్తాడు గానీ, ఆ వ్యవహారం వెనక చాలా పెద్ద మనుషులున్నారని తర్వాత తెలుస్తుంది. పిల్లని మళ్ళీ పట్టుకుపోతారు, ఇంట్లో ఉన్న తల్లిని చంపేస్తారు. అక్కణ్ణుంచి కథ నడుస్తుంది.

ఇదే కథ మనవాళ్ళు తీస్తే ఎలా ఉండేదో మీకందరికీ తెలుసు. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) రోజుల నుంచీ మనకి ఒక లెక్క ఉంది. హీరో ఎక్కడో ఊరుగాని ఊళ్ళో నెమ్మదిగా బతుకుతుంటాడు. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. ఆయనకి ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా వరసగా చూపిస్తారు. మన కళ్ళు తడుస్తాయి, పిడికిళ్ళు బిగుసుకుంటాయి. క్లైమాక్సులో బాకీ తీరుతుంది. లోపలి గాయం కూడా ఆ దెబ్బతోనే మానిపోయినట్టు అనుకుని చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాం. నాకూ ఆ సినిమాలంటే ఇష్టమే, వాటిని తక్కువ చెయ్యడం లేదు.

కానీ ఈ సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ అలా రాదు. ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎడారిలో కంచె అవతల ఉన్న ఒక పసిబిడ్డకి సైనికుడైన జో చాక్లెట్ ఇస్తాడు. ఆ చాక్లెట్ కోసం ఇంకో పిల్లాడు ఆ బిడ్డని కాల్చేస్తాడు. ఇసకలో కొట్టుకుంటున్న కాలు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. తర్వాత ఉద్యోగంలో ఒక కంటైనర్ తలుపు తీస్తే లోపల అన్నీ శవాలే. అదీ ఒక్క క్షణమే. వీటన్నిటికంటే ముందు చిన్నతనంలో సుత్తి పట్టుకుని ఇంట్లో తిరిగే తండ్రి, బట్టల బీరువాలో దాక్కున్న కుర్రాడు. ఇవేవీ వరసలో రావు. అతను రోడ్డు మీద నడుస్తున్నప్పుడు, ఎవరో ఫోటో తియ్యమని అడిగినప్పుడు, అడక్కుండా వచ్చి పడతాయి. చూసేవాళ్ళకి తికమకగా ఉంటుంది, ఆ తికమకే జో బతుకు.

డాక్టర్లు చెప్పేదీ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, దీన్ని 'షెల్ షాక్' అన్నారు. వియత్నాం యుద్ధం తర్వాత, 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు పెట్టి చేర్చింది. దీనిలో జరిగిపోయినది జరిగిపోయినట్టు ఉండదు. మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. నిద్రలో ఉలిక్కిపడటం, తలుపు చప్పుడైతే గోడవైపు జరగడం, హోటల్లో వాకిలి కనపడే కుర్చీలోనే కూర్చోవడం, పెళ్ళిలో బాణాసంచా కాలిస్తే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోవడం. ఈ హాల్లో కొంతమందికి నేను చెప్తున్నది పుస్తకాల్లో సంగతిలా అనిపించదని నాకు తెలుసు.

ఇక ఈ సినిమాలో హింస గురించి. ఘోరమైన సినిమా అని పేరుంది గానీ, జాగ్రత్తగా చూస్తే దెబ్బ తగలడం మనకి చాలా తక్కువగా కనపడుతుంది. జో ఆ ఇంట్లో చొరబడి ఒక్కొక్కణ్ణీ పడగొట్టే ఘట్టమంతా సెక్యూరిటీ కెమెరాల నలుపు తెలుపు బొమ్మల్లో చూపించారు. ఒక కెమెరాలో నడుస్తున్నాడు, ఇంకో కెమెరాలో మనిషి అప్పటికే పడి ఉన్నాడు. మనకి ఈల వేసే అవకాశం దర్శకురాలు ఇవ్వలేదు.

ఇంకో ఘట్టం ఉంది. తల్లిని చంపినవాడు జో తూటాకి వంటింట్లో పడిపోయి ప్రాణం పోయే స్థితిలో ఉంటాడు. జో వాడి పక్కనే నేలమీద పడుకుంటాడు. రేడియోలో పాట వస్తుంటే ఇద్దరూ సన్నగా పాడతారు. చచ్చిపోతున్నవాడు చెయ్యి చాస్తే జో ఆ చెయ్యి పట్టుకుంటాడు. చంపినవాడికీ చస్తున్నవాడికీ మధ్య అంత దగ్గరతనం ఏ యాక్షన్ సినిమాలోనూ నేను చూడలేదు. ఎదుటివాడూ ఎవరో పంపితే వచ్చినవాడే కదా అన్నది జోకి అర్థమైందని నాకనిపించింది.

కిరాయి హత్య అంటే ఈ ఊరివాళ్ళకి సినిమా ఒక్కటే కాదు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి ఒకప్పుడు మన ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన మనిషి. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున ఇక్కడే హడ్కోలోని ఇంట్లో నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. కేసు కింది కోర్టు, హైకోర్టు దాటి సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 2005లో తుపాకీ పేల్చిన పల్టన్ మల్లాకి యావజ్జీవ శిక్ష ఖాయమైంది. చేయించారన్న ఆరోపణ మోసినవాళ్ళు రుజువులు చాలక బయటపడ్డారు. ఆయన రాజకీయాలు మనకి నచ్చినా నచ్చకపోయినా, నిద్రపోతున్న మనిషిని డబ్బుకి చంపడంలో ఏ హీరోయిజమూ లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, జో మీద జాలిపడుతూ హత్యని వెనకేసుకు రాకూడదు. గాయం అతను ఎందుకిలా అయ్యాడో చెప్తుంది, చేసినదాన్ని మాఫీ చెయ్యదు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఇలాంటి సినిమాలు చూసి, యుద్ధం చూసొచ్చినవాడు ప్రమాదకరమైనవాడు అనుకునే జనం ఉన్నారు. అది అన్యాయం. మనసుకి దెబ్బ తగిలినవాళ్ళలో చాలామంది ఎవరిమీదా చెయ్యెత్తరు. మౌనంగా ఉంటారు, సీసా పట్టుకుంటారు, తమలో తామే కుమిలిపోతారు. జో కూడా బయటివాళ్ళకంటే తన ప్రాణంతోనే ఎక్కువ పోరాడుతుంటాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ సినిమా పేరుకి తెలుగులో అర్థం 'నువ్వు నిజంగా ఇక్కడ ఎప్పుడూ లేవు' అని. కొంతమంది విమర్శకులు దీన్నిబట్టి, కథలో సగం జో ఊహే, జరిగినది కాదు అని వాదిస్తారు. అలా చూడొచ్చు. నాకు మాత్రం ఆ పేరు ఒక భార్య మాటలాగా, ఒక కొడుకు మాటలాగా వినపడింది. రెండు నెలల లీవు మీద ఇంటికొచ్చిన మనిషి. అన్నం ముందు కూర్చుంటాడు, పిల్లాడి మార్కుల కార్డు చూస్తాడు, అడిగినదానికి 'ఊఁ' అంటాడు. 'మనిషి ఇక్కడే ఉన్నాడు గానీ, మనసిక్కడ లేదు' అని ఆవిడ తల్లితో ఫోన్లో చెప్తుంది. ఆ ఒక్క మాటనే గంటన్నర సినిమాగా తీశారు.

మన భారతంలో ఇది ఎప్పుడో ఉంది. కురుక్షేత్రం ముగిశాక ఇద్దరు మనుషుల్ని చూడండి. తండ్రిని మోసం చేసి చంపారన్న మంటతో అశ్వత్థామ అర్ధరాత్రి నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపాడు. ఆ పగవల్ల అతని మంట చల్లారలేదు. నెత్తిమీద మణి పోయి, మానని గాయంతో, పలకరించే దిక్కులేకుండా వేల ఏళ్ళు తిరగమని శాపం తగిలింది. ధర్మరాజు గెలిచాడు, గెలిచినా రాజ్యం వద్దన్నాడు. చచ్చిపోయినవాళ్ళే కళ్ళముందు కనపడుతున్నారన్నాడు. ఆయనని అన్నదమ్ములు, ద్రౌపది, కృష్ణుడు, వ్యాసుడు వదల్లేదు. అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. అడగడం, వినడం, మళ్ళీ అడగడం. శాంతిపర్వమంతా అదే. ఇద్దరిదీ ఒకే యుద్ధం. ఒకడికి పక్కన మనుషులున్నారు, ఒకడికి లేరు.

సినిమా చివర కూడా ఇంతే. పిల్లని కాపాడదామని జో పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఆ పెద్దమనిషి అప్పటికే చచ్చిపడి ఉంటాడు. పిల్ల నెత్తుటి చేతులతో బల్లముందు కూర్చుని అన్నం తింటుంటుంది. మన సినిమాలో ఐతే క్లైమాక్సు హీరోది. ఇక్కడ హీరోకి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఏడుస్తున్న జోకి ఫర్వాలేదని ధైర్యం చెప్పేది ఆ పిల్లే. తర్వాత ఇద్దరూ ఒక హోటల్లో కూర్చుంటారు. పిల్ల లేచి అవతలికి వెళ్ళిన ఆ కాసేపట్లో జో ప్రాణం తీసుకున్నట్టు మనకి కనపడుతుంది. చుట్టుపక్కలవాళ్ళు ఎవరూ తల తిప్పరు, వడ్డించే అమ్మాయి బిల్లు పెట్టి వెళ్ళిపోతుంది. అది అతని ఊహ. పిల్ల తిరిగొచ్చి పిలుస్తుంది, బయట ఎండ బాగుంది పోదాం అంటుంది. జో తలెత్తుతాడు. ఔను, బాగుంది అంటాడు. అంతే సినిమా.

ఆ కాసేపట్లో ఎవరూ తల తిప్పలేదే, ఆ చోట మనం కూర్చుని ఉన్నామా అన్నది నా ప్రశ్న. మన ఊళ్ళల్లో పసిబిడ్డ దడుచుకుంటే అమ్మ దిష్టి తీస్తుంది, తాయెత్తు కట్టిస్తుంది, రాత్రంతా పక్కలో పడుకోబెట్టుకుంటుంది. దడుచుకున్నవాడు ఆరడుగుల జవాను ఐతే మాత్రం 'మగాడివి కదా' అంటాం. 2010 ఏప్రిల్ 6న ఈ రాష్ట్రంలోనే, అప్పటి దంతెవాడ జిల్లా తాడ్‌మెట్ల దగ్గర, 76 మంది జవాన్లు నేలకొరిగారు. వాళ్ళ పేర్లు మనం తలుచుకుంటాం, తలుచుకోవాలి. ఆ ముందురోజుదాకా వాళ్ళతో కలిసి అన్నం తిన్నవాళ్ళని, బతికి బయటపడ్డవాళ్ళని, నువ్వెలా ఉన్నావని అడిగినవాళ్ళు ఎంతమంది? సరిహద్దుదాకా పోనక్కర్లేదు. 2018 అక్టోబర్ 9న మన ప్లాంటులో కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను పేలి పదిమందికి పైగా పోయారు. ఆ షిఫ్టులో ఉండి మర్నాడు మళ్ళీ డ్యూటీకి వెళ్ళినవాడి మనసు ఏమంటుందో అడగడం కూడా మన పనే.

డాక్టరు దగ్గరికి వెళ్తే మెడికల్ కేటగిరీ తగ్గుతుందేమో, ప్రమోషన్ పోతుందేమో, ఊళ్ళో పిచ్చివాడంటారేమో అని భయం ఉంది. ఆ భయం ఉత్తిదే అని నేను అనను. కానీ ఇప్పుడు దారులున్నాయి. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం 'టెలీ మానస్' మొదలుపెట్టింది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. సైనికులకీ, వాళ్ళ కుటుంబాలకీ ప్రత్యేకంగా ఒక విభాగాన్ని 2023 డిసెంబర్‌లో పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో ప్రారంభించారు. ఈ నంబరు మీ ఫోన్లో రాసుకోండి. మీకు అక్కర్లేకపోవచ్చు, మీ బ్యారక్‌లో పక్క మంచం వాడికి కావాలేమో.

మన సంఘానికి నాది ఒక చిన్న కోరిక. ఉగాదికీ, సంక్రాంతికీ కలుస్తున్నాం. పులిహోర తింటున్నాం, బహుమతులు ఇచ్చుకుంటున్నాం. నెలకొక ఆదివారం సాయంత్రం రిటైరైనవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని, సర్వీసులో ఉన్న కుర్రాళ్ళు వస్తే వాళ్ళు చెప్పేది వినే ఏర్పాటు చెయ్యండి. సలహాలు ఇవ్వక్కర్లేదు. మినిట్స్ రాయక్కర్లేదు. టీ, మిరపకాయ బజ్జీ చాలు. బస్తర్ నుంచి లీవులో దుర్గ్ స్టేషన్‌లో రైలు మారే మన తెలుగు కుర్రాడికి, వెనక్కి వెళ్ళేలోపు ఒక గంట కూర్చోవడానికి ఒక ఇల్లుందని తెలియాలి.

తల్లులకీ, అక్కచెల్లెళ్ళకీ ఒక్క మాట. ఇంటికొచ్చినవాడు పలక్కపోతే అలిగాడనో, ప్రేమ తగ్గిందనో అనుకోకండి. ఇంకా దారిలోనే ఉన్నాడనుకోండి. ఒకసారి పిలిస్తే రాకపోవచ్చు. మళ్ళీ పిలవండి. మీవల్ల కాకపోతే మాకు చెప్పండి, మేమొచ్చి పిలుస్తాం.

 జై హింద్.