వినోదవనముల ద్వారములు: అమెరికా, చైనా



వినోదవనము పిల్లలు ఆడుకొను చోటని అందరును ఎరుగుదురు. రంగులరాట్నము, రోలర్ కోస్టరు, మిఠాయి దుకాణము, ఇవి ఏ దేశమునందైనను ఇంచుమించు ఒక్కతీరుగనే యుండును. అయినను ఆ వనమును ఎవరు కట్టించిరి, ఎందులకు కట్టించిరి, దాని ద్వారము ఎవరికి తెరచిరి అను మూడు ప్రశ్నలు వేసినచో దేశమునకును దేశమునకును గల భేదము బయటపడును. అమెరికా, చైనాల వినోదవనములను ఈ మూడు ప్రశ్నలతో పోల్చి చూచుటయే నేటి ప్రసంగవిషయము.

మొదట అమెరికా. 1884లో న్యూయార్కు దాపున కోనీ ఐలాండ్ సముద్రతీరమున లామార్కస్ థాంప్సన్ అనునతడు కొయ్యకట్టడముపై పట్టాలు వేసి బండిని జారవిడిచెను. దాని వేగము గంటకు సుమారు 6 మైళ్లు. రుసుము 5 సెంట్లు. 1893లో చికాగో ప్రదర్శనమున జార్జి ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తుగల ఉక్కు చక్రమును నిలిపెను. నేటికిని జెయింట్ వీలును పలుదేశములలో ఫెర్రిస్ చక్రమని పిలుచుటకు ఇదియే కారణము.

ఈ వింతలను ఊరూరికి చేర్చినవారు ట్రాము కంపెనీలవారు. పనిదినములలో క్రిక్కిరిసిపోవు బండ్లు ఆదివారమునాడు ఖాళీగా తిరుగుట వారికి నష్టము. అందుచే పట్టాల చివర ఒక తోపు, నృత్యశాల, రంగులరాట్నము ఏర్పరచి జనమును రప్పించిరి. పిట్స్‌బర్గు దాపునగల కెన్నీవుడ్ 1898లో ఇట్లే పుట్టినది. ఆటకన్న ట్రాము టిక్కెట్టే వారికి ముఖ్యము. మోటారుకార్లు పెరిగిన పిదప ఇట్టి వనములు పెక్కు మూతపడెను. 1955 జులై 17న వాల్ట్ డిస్నీ కాలిఫోర్నియాలోని అనాహైమ్ పట్టణమున, నారింజతోటలు పెరిగినచోట, డిస్నీలాండును తెరచెను. అది మోటారు రహదారి ప్రక్కన పుట్టిన వనము. ఏబీసీ టెలివిజన్ సంస్థ దానికి పెట్టుబడి పెట్టెను. డిస్నీ ఆ సంస్థకు వారము వారము కార్యక్రమము సమకూర్చెను. సినిమా వనమునకును, వనము సినిమాకును గిరాకి తెచ్చు పద్ధతి అచ్చట స్థిరపడినది.

చైనా కథ వేరు. 1917లో షాంఘాయి నగరమున ఔషధవ్యాపారి హువాంగ్ చుజియు ‘గ్రేట్ వరల్డ్’ అను వినోదభవనమును నిర్మించెను. ప్రవేశద్వారమున వంకరటింకర అద్దములు. లోపల ప్రాంతీయ నాటకములు, గారడీలు, దొమ్మరి విద్యలు. యంత్రముల వేగము అచ్చట ప్రధానము కాదు; మనుష్యుల విద్యయే ప్రధానము. 1949 తరువాత వినోదము ప్రభుత్వకార్యములలో చేరినది. 1950లో పెకింగు రాజప్రాసాదము ప్రక్కనున్న చక్రవర్తుల పితృదేవతల ఆలయము శ్రామికుల సాంస్కృతిక మందిరముగ మారెను.

ఆర్థికసంస్కరణల కాలమున నూతనాధ్యాయము ప్రారంభమైనది. షెన్‌జెన్ నగరమున 1989లో చైనా కట్టడముల చిన్న నమూనాలతో ఒక వనమును, 1994లో ప్రపంచపు వింతలతో మరియొకటియు వెలసెను. రెండవదానిలో 108 మీటర్ల ఈఫిల్ గోపురమును, చిన్న తాజ్‌మహలును కలవు. విదేశయాత్రకు పోజాలని కుటుంబములు ఒక్క దినమున లోకమును చుట్టివచ్చు ఏర్పాటది. వీనిని నడపిన ప్రభుత్వరంగ సంస్థ చుట్టుపట్ల ఇండ్లు, హోటళ్లు కూడ కట్టెను. అమెరికా కంపెనీ వినోదవనము చూపి ట్రాము టిక్కెట్టు అమ్మగా, చైనా కంపెనీ వినోదవనము చూపి ఇల్లు అమ్మినది. ఇతర సంస్థలును ఈ మార్గము పట్టుటతో, వినోదవనముల పేరిట ఇండ్లవ్యాపారము సాగరాదని చైనా కేంద్రప్రభుత్వము 2018లో నిర్దేశములు జారీచేసెను.

2016 జూన్ 16న షాంఘాయిలో డిస్నీలాండు తెరచినప్పుడు ఈ రెండు సంప్రదాయములును కలిసినవి. ఆ రిసార్టులో నూటికి 57 వంతులు షాంఘాయి ప్రభుత్వసంస్థవి. తక్కినవి డిస్నీ కంపెనీవి. అనాహైమ్‌లో ద్వారము దాటగనే కనబడు పాతకాలపు అమెరికా బజారువీధి షాంఘాయిలో లేదు. కోట ముందర విశాలమైన తోటలు, అందు చైనా పంచాంగపు పన్నెండు జంతువుల చిత్రములు, ఒక తేనీటిశాల కలవు. నగరములలో ఒక్క బిడ్డతోనే సరిపెట్టుకొనవలసిన చట్టము 2015 వరకు ఉండెను. కనుక ఒక్క బిడ్డ వెంట తల్లిదండ్రులును, తాతలును, అవ్వలును వచ్చుట పరిపాటి. పెద్దలు కూర్చుండుటకు చోటు కావలెను. ఆ వనమునకు మెట్రోరైలు చేరుచున్నది. అమెరికా వనము పట్టాలను విడిచి రహదారికి పోగా, చైనా వనము పట్టాలచెంతకే వచ్చినది. టిక్కెట్టులోను భేదము కలదు. అమెరికాలో పిల్లల రుసుమును వయస్సు నిర్ణయించును. షాంఘాయిలో ప్రారంభదినములందు ఎత్తు నిర్ణయించెను. 1 మీటరు లోపు బిడ్డకు ఉచితము, 1.4 మీటర్ల వరకు తక్కువ రుసుము.

ఇక మూడవ ప్రశ్న, అన్నిటికన్న ముఖ్యమైనది. షాంఘాయి నదీతీరమున 1868లో విదేశీయులు ఏర్పరచిన ఉద్యానమున, తమ వెంట వచ్చు పనివారిని తప్ప చైనీయులను దీర్ఘకాలము రానీయలేదు. 1928లో గాని దాని ద్వారము నగరవాసులకు తెరువబడలేదు. స్వాతంత్ర్యమునకు పేరొందిన అమెరికాలోను ఇట్టిదే జరిగినది. పెక్కు వినోదవనములు నల్లజాతివారిని వెలుపలనే నిలిపినవి. టెలివిజన్‌లో ప్రకటన చూచి ఫన్‌టౌనుకు పోవుదమని అడిగిన ఆరేండ్ల కుమార్తెకు, అచ్చటికి ఎందుకు పోరాదో చెప్పవలసిన తండ్రి వేదనను మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ చెరసాలనుండి వ్రాసిన లేఖలో పేర్కొనెను. ఆ సంవత్సరమే బాల్టిమోరు దాపున గ్విన్ ఓక్ పార్కు ఎదుట సత్యాగ్రహము చేసి వందలమంది అరెస్టయిరి. ఆగస్టు 28న, వాషింగ్టనులో మహాప్రదర్శన జరిగిన దినముననే, 11 నెలల నల్లజాతి పసిపాప ఆ పార్కులోని రంగులరాట్నమెక్కినది. 1981లో ఆ రంగులరాట్నమును వాషింగ్టనుకు తెచ్చి నేషనల్ మాల్ మైదానమున నిలిపిరి.

నేడు ద్వారమున జాతిని అడుగువారు లేరు. ధరయు నిబంధనలును అడుగుచున్నవి. 2019లో షాంఘాయిలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, వెంట తెచ్చుకొన్న చిరుతిండిని లోనికి పోనీయలేదని డిస్నీలాండుపై దావా వేసెను. అమెరికాలోని డిస్నీ వనములలో అనుమతించిన దానిని చైనాలో నిషేధించుట ఏమి న్యాయమని పత్రికలలో చర్చ జరిగెను. తుదకు రాజీ కుదిరి ఆమెకు 50 యువానులు ముట్టినవి. అంతకన్న విలువైనది, నిబంధన మారి ఇంటినుండి తెచ్చుకొన్న తిండి వనములోనికి పోగలిగెను.

యంత్రములను ఏ దేశమైనను కొనవచ్చును. కోటలను ఎచ్చటనైనను కట్టవచ్చును. ద్వారము మాత్రము తనంతట తాను తెరచుకొనలేదు. అమెరికాలో సత్యాగ్రహులును, చైనాలో ఒక విద్యార్థినియు అడిగినందువలననే తెరచుకొన్నది. పిల్లవాని చేయి పట్టుకొని పరిమితమైన జీతముతో వచ్చు తండ్రికి ఆ ద్వారమున ఎట్టి ఆదరణ లభించుచున్నదో చూచి వినోదవనము గొప్పతనమును నిర్ణయించుట న్యాయము.