నాన్నకూ ఒక కుర్చీ వేయండి

క్లినికల్ సైకాలజీలో, ప్రత్యేక విద్యలో ఈరోజు పట్టాలు అందుకుంటున్న మిత్రులారా!

రేపట్నుంచి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) ఉన్న పిల్లల్ని మీ దగ్గరికి తీసుకొచ్చేది చాలాసార్లు అమ్మే. "వాళ్ల నాన్నగారికి సెలవు దొరకలేదండీ" అంటుంది. మీరు సరేనని నేర్పాల్సిందంతా ఆమెకే నేర్పి పంపిస్తారు. ఇంట్లో ఆమె హోంవర్కును చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ మెచ్చుకుంటూ రాయిస్తుంటుంది. రాత్రి ఇంటికొచ్చిన తండ్రి, "దీనికింతసేపా? రెండు తగిలిస్తే వాడే కూర్చుంటాడు" అంటాడు. వారం రోజుల శ్రమ అక్కడితో నీళ్లపాలు. తప్పంతా ఆయన మీదికి నెట్టడం నాకు ఇష్టం లేదు. మన ఫోను వెళ్లేది అమ్మకే, మన అపాయింట్‌మెంట్లు ఉండేది ఆయన పనివేళల్లోనే.

అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో గ్రెగరీ ఫాబియానో, విలియం పెల్హామ్ బృందం ఈ చిక్కుముడి మీద పనిచేసింది. 2009లో వెలువడిన వారి అధ్యయనంలో 75 మంది తండ్రులు పాల్గొన్నారు. కొందరికి తల్లిదండ్రులకిచ్చే మామూలు శిక్షణ ఇచ్చారు, మిగతావారికి 'కోచెస్' అనే 8 వారాల కార్యక్రమం. వారానికి 2 గంటలు. మొదటి గంట తండ్రులు గదిలో వీడియోలు చూసి చర్చించుకుంటారు, పిల్లలు బయట సాకర్ మెళకువలు నేర్చుకుంటారు. రెండో గంట అందరూ మైదానంలోనే. అప్పుడే విన్న పాఠాన్ని తండ్రి ఆట నడుస్తుండగానే ఆచరణలో పెడతాడు. ఇలా నేర్చుకున్న తండ్రులు మామూలు శిక్షణలో ఉన్నవారికంటే ఎక్కువగా వచ్చారు, ఇంటి దగ్గర చేయమన్నవీ ఎక్కువగా చేశారు.

ఆ పాఠమేమిటి? "గుడ్ బాయ్" అని వదిలేయకుండా, "బంతి నీ దగ్గరే పెట్టుకోకుండా ఫ్రెండ్‌కి ఇచ్చావు చూడు, అది బావుంది నాన్నా" అనడం. దూరం నుంచి "ఎన్నిసార్లు చెప్పాలిరా!" అని కేకేయకుండా, దగ్గరికెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఒక్క పని చెప్పి, వాడు మొదలుపెట్టేదాకా ఆగడం. వినడానికి తేలికే. రోజంతా పనిచేసి అలసి వచ్చిన మనిషికి ఎంత కష్టమో మీరు మరిచిపోకూడదు.

"నేనూ చిన్నప్పుడు ఇంతేనండీ, వాడే మారతాడు" అనే తండ్రి మీకు తప్పక ఎదురవుతాడు. ఆ మాటను కొట్టిపారేయకండి. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది. ఎవరూ గుర్తించని ఆ ఇబ్బంది ఆయనకూ ఉండొచ్చు. కాబట్టి అరగంట ఉపన్యాసం వద్దు. రెండే అంశాలు కాగితం మీద రాసివ్వండి, ముందురోజు ఫోనులో గుర్తుచేయండి.

జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కి వెళ్లిన తండ్రులుంటారు. వాళ్లను వీడియో కాల్‌లో కలపండి. తండ్రి లేని ఇళ్లూ ఉంటాయి. అక్కడ తాతయ్యో మేనమామో వస్తానంటే సంతోషం. ఎవరూ రాకపోతే ఆ తల్లి ఒక్కతే సరిపోదని మాత్రం ఎన్నడూ అనకండి.

నమోదు ఫారంలో తండ్రి నంబరు కూడా తీసుకోండి. ఆదివారం పూట కొంత సమయం కేటాయించండి. మీరే స్వయంగా ఫోను చేసి రమ్మనండి. వచ్చాక బిడ్డతో పది నిమిషాలు ఆడనిచ్చి, ఆ ఆటలో ఆయన ఏది బాగా చేశారో ముందు అది చెప్పండి. సరిదిద్దాల్సినవి ఆ తర్వాత.