టేకు ఆకు జల్లెడైతే

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘అడవి ఉద్యోగంలో నా అనుభవాలు’. పులి గురించి చెబుతానని చాలామంది ఎదురుచూస్తున్నట్టున్నారు. పులి కథలు భోజనాల దగ్గర చెప్పుకుందాం. ఇక్కడ మాత్రం రెక్కలు చాపితే రూపాయి బిళ్ళంత ఉండే ఒక దీపం పురుగు గురించి మాట్లాడతాను.

కారణం మీకు తెలుసు. పోయిన నెల మన వాట్సాప్ గ్రూపులో పడమటి గోడ వెంబడి ఉన్న టేకు చెట్ల ఫొటోలు వచ్చాయి. ఆకులన్నీ గోధుమ రంగుకు తిరిగి, ఎండి, వెలుతురుకు పెడితే దోమతెరలా ఉన్నాయి. ‘తెగులు తగిలింది, చెట్లు చచ్చిపోతున్నాయి, కలప పాడుకాకముందే కొట్టించి ఆ డబ్బు ఆడిటోరియానికి వాడదాం’ అని ఒక తమ్ముడు రాశాడు. దాని కింద చాలా బొటనవేళ్ళు పైకి లేచాయి. రేపటి కార్యవర్గ సమావేశంలో అది మూడో అంశం. అతను స్కూలు మంచి కోరే రాశాడు. అందులో నాకు సందేహం లేదు. వయసులో ఉన్నప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ చెట్లను మా ఏడో తరగతి వాళ్ళం వన మహోత్సవంలో నాటాం. మొక్కలు అనుకునేరు, కట్టెముక్కలు. ఏడాది వయసున్న టేకు నారును పీకి, కాండం రెండంగుళాల లోపు, వేరు జానెడు ఉండేలా కోసిన బొటనవేలి లావు ముక్కలు. స్టంపులంటారు. డ్రిల్లు సారు గడ్డపారతో పొడిచిన బొక్కలో ఒక్కో ముక్క దింపి కాలి మడమతో తొక్కాం. ‘ఎండుకట్టె పాతితే చెట్టవుతుందా?’ అని నవ్వుకున్నాం. పదో తరగతికి వచ్చేసరికి అవి క్లాసు పైకప్పు దాటాయి. లేత ఆకును అరచేతిలో నలిపితే ఎర్రగా పండేది. ఆ ఎరుపును పక్కవాడి తెల్లచొక్కాకు పూసి దెబ్బలు తిన్నవాళ్ళు ఈ సభలో కనీసం నలుగురున్నారు.

ఆ ఏడు వినాయక చవితి దాటాక చెట్లకు సరిగ్గా ఇదే వచ్చింది. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి ‘అయిపోయినయ్’ అన్నారు. మన సైన్సు సారు మాత్రం ఒక ఆకు కోసి, భూతద్దం చేతికిచ్చి, ‘ఏం పోయింది, ఏం మిగిలింది, రాయండి’ అన్నారు. పచ్చటి కండ పోయింది. ఈనెలు, వాటి పిల్ల ఈనెలు, వాటి మధ్య వల మొత్తం మిగిలింది. ఆకు మీద పలచటి పట్టుదారపు పొర, దాని కింద అంగుళం కూడా లేని ఆకుపచ్చ పురుగు. ఆ రాత్రి సారు తెల్ల పంచె ఒకటి దండెం మీద వేసి దాని ముందు పెట్రోమాక్స్ వెలిగించారు. పసుపు రెక్కల మీద ఎర్రటి వంకర గీతలున్న చిన్న పురుగులు వచ్చి పంచె మీద వాలాయి. పగలు ఆకు తిన్న పురుగే రెక్కలు వచ్చాక ఇలా ఉంటుందని ఆయన చెబితే మేం నమ్మలేదు. ఎదురుగా కూర్చున్నారు కాబట్టి ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నా, సార్.

దాని శాస్త్రీయ నామం యూటెక్టోనా మాకరాలిస్. టేకు శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్. పురుగు పేరులోనే చెట్టు పేరు ఉంది. ఇది ముక్కు చిమ్మటల జాతికి చెందింది. వీటి నోటి పక్కనుండే రెండు స్పర్శాంగాలు ముందుకు సాగి, చూడటానికి మూతి పొడుచుకొచ్చినట్టుంటాయి. అందుకే ఆ పేరు. కడుపు మొదట్లో వీటికి చెవుల వంటివి ఉంటాయి, గబ్బిలం కూత వాటితో వింటాయి. లోకంలో ఇప్పటిదాకా వర్ణించినవే సుమారు 16 వేల రకాలు. మనకెవరికీ పరిచయం లేదనుకోకండి. వంకాయ కోస్తే లోపల కనిపించే పురుగు వీటిదే. వరిలో తెల్లకంకి తెప్పించే కాండం తొలుచు పురుగు వీటిదే. బియ్యం డబ్బాలో గింజల్ని దారంతో గుచ్చి గూడు కట్టేదీ వీటిదే. ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఆ బియ్యం పురుగు గుడ్లను ల్యాబుల్లో అట్టలకు అంటించి, వాటి మీద ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగను పెంచుతారు. ఆ కందిరీగను పొలాల్లో వదిలితే ఇతర చిమ్మటల గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. ఇంటి దొంగను పెట్టి ఊరి దొంగను పట్టించడమన్నమాట.

సరే, మళ్ళీ టేకు దగ్గరికి వద్దాం. పదో తరగతి అయ్యాక జూన్‌లో టీసీ కోసం వచ్చాను. మూడు వానలు పడ్డాయంతే. ఏ చెట్లు అయిపోయాయన్నారో వాటికి విస్తరంత ఆకులు వేలాడుతున్నాయి. చూశాను, టీసీ తీసుకున్నాను, వెళ్ళిపోయాను. మరచిపోయాను కూడా.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక పెద్దాయన, పేరు చెప్పను, నన్ను తన చేనికి తీసుకెళ్ళాడు. గట్ల మీద 26 టేకు చెట్లు. పద్దెనిమిదేళ్ళు పెంచాడు. కూతురు పెళ్ళికని ఉంచుకున్నాడు. అది అక్టోబర్. ఆకులన్నీ జల్లెడ. ‘ఏమైంది సారూ, బతుకుతయా?’ అన్నాడు. యూనిఫాం వేసుకున్నవాడికి ‘నాకు తెలియదు’ అనే మాట అంత తొందరగా నోటికి రాదు. ‘పురుగు పట్టింది, లాభం లేదు, కలప చెడకముందే అమ్ముకో’ అన్నాను. పట్టా భూమి చెట్లకు కావలసిన అనుమతి కాగితాలు కూడా నేనే రాసిపెట్టి, ఉపకారం చేశానని సంతోషించాను. ఎండిన చెట్లు అంటూ వ్యాపారి ధర తొక్కేశాడు. ఇంకో పదిహేనేళ్ళు ఉంటే చేవ కట్టి ఎన్నో రెట్లు పలికేవి.

మరుసటి ఆషాఢంలో అటువైపు వెళ్ళాను. మొద్దుల నుంచి పిలకలు లేచాయి. నా ఎత్తు కొన్ని, నాకంటే పొడుగు కొన్ని. ఆకులు నిగనిగలాడుతున్నాయి. పెద్దాయన నన్ను చూసి, మంచినీళ్ళిచ్చి, ఒకే మాట అన్నాడు: ‘వేర్లు సావలే గద సారూ.’

తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణి. ఆ రాత్రి నాకు సారు దండెం మీద వేసిన పంచె గుర్తొచ్చింది. జవాబు పదిహేనేళ్ళ వయసులోనే నా కళ్ళతో చూసి ఉన్నాను.

తర్వాత చదవడం మొదలుపెట్టాను. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన బీసన్ 1941లో మన అడవి పురుగుల మీద వేసిన లావాటి పుస్తకం శిక్షణ కేంద్రం లైబ్రరీలో దొరికింది. అంతకంటే నా కళ్ళు తెరిపించింది కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్ళ పని. నిలంబూరు అంటే 1840లలోనే బ్రిటిష్ వాళ్ళు టేకు తోట వేసిన చోటు. అక్కడ నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ వయసున్న చెట్లను తీసుకున్నారు. టేకుకు పెద్ద శత్రువులు ఇద్దరు. ఒకటి జల్లెడ పురుగు, మన పురుగో దాని దగ్గరి చుట్టమో. రెండోది హైబ్లియా ప్యూరా, ఆకు మొత్తం మేసేది, ఇది ముక్కు చిమ్మట కాదు, వేరే కుటుంబం. కొన్ని చెట్లను రెండింటి నుంచీ కాపాడారు, కొన్నింటిని ఒకదాని నుంచే, కొన్నింటిని వదిలేశారు. తేలిందేమిటంటే, ఆకు మేసే పురుగు వల్ల చెట్టు పెరగాల్సిన కలపలో 44 శాతం తగ్గింది. జల్లెడ పురుగు వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు.

రెండూ ఆకునే తింటాయి. మరి ఎందుకీ తేడా? కాలం వల్ల. ఆకు మేసే పురుగు తొలకరిలో వస్తుంది. అప్పుడు చెట్టు ఏడాదికి సరిపడా ఒళ్ళు పెంచుకునే పనిలో ఉంటుంది. వంట మొదలవుతుండగానే పొయ్యి ఆర్పినట్టు. జల్లెడ పురుగు పెద్దగా దండెత్తేది వానలు వెనకబట్టాక. అప్పటికి వంట అయిపోయింది, ఆ ఆకు ఎలాగూ రెండు నెలల్లో రాలేదే. మధ్య భారతంలో కొన్ని ఏళ్ళు ఇది ముందే వస్తుంది, తరం వెంట తరం మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పెరుగుతుంది. అలాంటి ఏడు చిన్న మొక్కలకు దెబ్బే, కాదనను. మన గోడ వెంబడి ఉన్నవి చిన్న మొక్కలు కావు. నేను, నా పక్కన కూర్చున్న మా బ్యాచ్ వాడు చేతులు చాపితేగానీ అందని చెట్లున్నాయి వాటిలో.

నిన్న సాయంత్రం వచ్చి 31 చెట్లూ చూశాను. ప్రతి చెట్టుకూ అందిన కొమ్మ మీద గోటితో గీశాను. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది. ఇరవై తొమ్మిదింటికి కొస మొగ్గ గట్టిగా ఉంది. రెండింటికి లేదు. ఆ రెండూ సైకిల్ స్టాండు పక్కవి, వాటికి పురుగు కారణం కాదు. రెండేళ్ళ క్రితం స్టాండు కోసం మొదలు చుట్టూ మనం పోయించిన సిమెంటు. దాన్ని పగలగొట్టించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. కూలి నేనిస్తాను.

ఇంకో మాట చెప్పి కూర్చుంటాను, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. గేటు పక్కన ముందటేడు తమ్ముళ్ళు నాటిన మహాగని మొక్కలున్నాయి. అందరూ మురిసిపోతూ వాటి ముందు ఫొటోలు దిగారు. వాటిలో ఏడింటి కొస వాలిపోయి నల్లబడింది. దగ్గరికెళ్ళి చూస్తే చిన్న రంధ్రం, దానికి జిగురుతో కలిసిన పొట్టు, దారం. అది హిప్సిపైలా రోబస్టా. అదీ ముక్కు చిమ్మటే. మహాగని వేప కుటుంబపు చెట్టు, ఆ కుటుంబంలో కలప చెట్ల మొవ్వు తొలిచేది ఈ పురుగు. ఒక్క ఆకు కూడా జల్లెడ కాదు. చెట్టు పచ్చగానే ఉంటుంది. కానీ కొస చచ్చేసరికి పక్క నుంచి రెండు మూడు పిలకలు లేచి, నిటారుగా పోవలసిన మాను చీలిపోతుంది. కలప విలువంతా ఆ నిటారు మానులోనే ఉంది. దక్షిణ అమెరికాలో దీని సోదర జాతి వల్లే మహాగని తోటలు పెంచడం మళ్ళీ మళ్ళీ విఫలమైంది. ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లో ఎకరాలకు ఎకరాలు మహాగని వేస్తున్న రైతులకు నర్సరీ వాళ్ళు లాభాల లెక్క చెబుతారు గానీ, ఈ పురుగు పేరు చెప్పేవాళ్ళు నాకు తక్కువే తగిలారు. మీ చుట్టాల్లో ఎవరైనా వేసి ఉంటే మొదటి నాలుగైదేళ్ళు వానాకాలంలో కొసలు చూసుకోమనండి. వాలిన కొసను పురుగుండే చోటుకు దిగువన కోసి, కాల్చి, లేచిన పిలకల్లో తిన్నగా ఉన్నది ఒక్కటి ఉంచి మిగతావి తీసేయాలి.

అంటే మనం కొట్టేద్దామనుకున్న చెట్లు బాగున్నాయి, మురిసిపోతున్న మొక్కలకు వైద్యం కావాలి.

రేపటి మూడో అంశాన్ని కొట్టేయమని అడగడం లేదు. జూన్ దాకా వాయిదా వేయమంటున్నాను. మృగశిర కార్తె వెళ్ళిన పది రోజులకు నా ఖర్చుతో నేనే వచ్చి, ఏ చెట్టుకు ఆకు రాలేదో దానికి సున్నం గుర్తు పెడతాను. గుర్తు పెట్టిన వాటిని కొట్టించండి, కాగితాలు నేనే రాసిపెడతాను. ఈసారి చూసి రాస్తాను.

భోజనానికి ఇంకా అరగంట ఉందని వంటవాళ్ళు చెప్పారు. నా దగ్గర చెట్టు కొమ్మలు కత్తిరించే కత్తెర, రెండు భూతద్దాలు ఉన్నాయి. మహాగని కొసలు ఏడూ ఇప్పుడే కోసేద్దాం. నిచ్చెన వాచ్‌మన్ గదిలో ఉంది, దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. సారు మెట్లు దిగేటప్పుడు ఎవరైనా చెయ్యి అందించండి, ఆయన కూడా వస్తానన్నారు.