కాఫీయా? తేనీరా?

మన ఇండ్లలో ఉదయము రెండు విధముల ఆరంభమగుచున్నది. ఒక ఇంట ఫిల్టరునుండి డికాషను బొట్టుబొట్టుగా దిగుచుండును. ప్రక్క ఇంట పాలు, తేయాకు, అల్లము కలిసి గిన్నెలో పొంగుచుండును. ఎవరి పానీయము వారికి అమృతము, ఎదుటివారిది కషాయము. వేకువ ప్రసారమునకు వచ్చు మాకు వీధి దుకాణపు తేనీరే దిక్కు. ఇల్లు చేరిన పిమ్మట కాఫీ. కనుక మేము ఉభయపక్షములకును ఋణపడినవారమే.

నిజమునకు రెండును తెలుగునాటికి చుట్టములుగా వచ్చినవే. 17వ శతాబ్దమున బాబా బూదన్ అను సూఫీ సాధువు అరబ్బు దేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. తేయాకు అస్సాము అడవులది. సింగ్ఫో తెగవారు దానిని ముందునుండియే వాడుచుండిరి. 1823లో రాబర్ట్ బ్రూస్ దానిని చూచిన తరువాత ఆంగ్లేయుల తోటలు వెలసినవి. 1839లో ఆ ఆకు లండనులో వేలమునకు వచ్చినది. 20వ శతాబ్దపు పూర్వార్ధమున వర్తకులు మన దేశమునందును ఉచితముగా కప్పులు పోసి జనులకు రుచి మప్పిరి. నేడు కాఫీ చుట్టరికము వీడి ఇంటిదైనది: అరకు కొండలలో గిరిజన రైతులు పండించు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

గుణముల మాటకు వచ్చినచో, ఎండుటాకు తూకమున సాధారణముగా తేయాకులోనే కెఫీను ఎక్కువ. కాని కప్పునకు పట్టు ఆకు స్వల్పము కనుక, త్రాగునప్పుడు కాఫీయే ఘాటు. భోజనముతోపాటు త్రాగినచో రెండును, అందును ముఖ్యముగా తేనీరు, ఆకుకూరలలోను పప్పులలోను ఉండు ఇనుము ఒంటబట్టనీయవు. రక్తహీనత గలవారు, గర్భిణులు భోజనమునకును కప్పునకును నడుమ ఒక గంటయైన ఎడముంచుట మేలు.

కాఫీకి పొడి, ఓపిక, చిక్కని పాలు కావలెను. అందుచే అది ఇంటి మర్యాదయైనది. చెంచాడు ఆకుతో క్షణములో పదిమందికి సిద్ధమగు తేనీరు వీధిని నమ్ముకొన్నది. హైదరాబాదు ఇరానీ హోటలులో కూలివాడును కవియు ఒకే బల్లవద్ద ఉస్మానియా బిస్కత్తు ముంచుకొని తినుట ఆ వీధి గొప్పతనమే.

అయితే ఆ వీధిలోనే మరియొక దృశ్యమును మనము చూచితిమి. పల్లె టీ దుకాణమున దళితునకు వేరొక గ్లాసు. అది చూరున దోపియుండును. త్రాగినవాడే కడిగి మరల అచటనే పెట్టవలెను. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది; 1955లో దానిని శిక్షార్హము చేయుచు చట్టము వచ్చినది. ఆ పిమ్మటను ఎన్నో దశాబ్దములు రెండు గ్లాసులు నిలిచినవి. నేటి కాగితపు కప్పు అందరికిని ఒకటే. కాని కూర్చుండు బల్లయు ఒకటేనా యని చూచుకొనవలసిన బాధ్యత మనది.

కాఫీయా, తేనీరా యని మమ్ము అడిగినచో, ఏదియైన సరియే యందుము. వాకిట నిలిచినవానిని లోనికి పిలిచి, మనము త్రాగు గ్లాసుతోనే అతనికిని ఇచ్చినచో చాలును.