కొండదారికి ముందు కమాను కట్టలు

హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు, జాతీయ రహదారిని విడిచి, గుట్టల నడిమి బండిబాటలను, రాళ్ళు తేలిన వంకలను, చిత్రావతి యిసుకను దాటిపోదలచినవారు ముందుగా జీపు క్రిందికి దూరి చూడవలసినది కమాను కట్టలను, అనగా ఉక్కు పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులను. బురద కడిగి, పై పట్టీ చివరి చుట్టల చెంతను, నడిమి బోల్టు రంధ్రము చుట్టును దీపము పట్టి చూచినచో, వెండ్రుకవంటి తుప్పుగీత యొకటి కనబడవచ్చును. అది పగులునకు గుర్తు, ఆ పట్టీని మార్చక బయలుదేరరాదు. కమానును ఇరుసునకు పట్టియుంచు యు-బోల్టులను బండి బరువు చక్రములపై పడిన పిమ్మటనే బిగించి, కొంతదూరము నడచిన తరువాత మరల బిగింపవలెను. బరువెక్కువని అదనముగా నొక పట్టీ చేర్చుట డ్రైవర్లకు పరిపాటి. కాని సరకు దిగిన తోడనే ఆ బండి ప్రయాణికుల నడుములపై కక్ష తీర్చుకొనును! కమాను బరువును మోయును గాని, ఊపును అణచునది షాక్ అబ్జార్బరు. దానిలోని నూనె సన్నని రంధ్రములగుండ పోవుచు ఆ ఊపును వేడిగా మార్చును. గతుకులపై ఎడతెగక పరుగిడినచో నూనె కాగి, నురుగెత్తి, పట్టు సడలును. కావున 1565 తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ దుర్గము క్రింద కొంతసేపు బండి నాపి చల్లారనిండు. నీళ్ళ డబ్బాలవంటి బరువులను వెనుక ఇరుసునకు ముందుగా, వీలైనంత క్రిందుగా సర్దుడు. పైకప్పున కెక్కించిన మూట వంకగట్టున బండిని ప్రక్కకు లాగును.