గడియారం వెనక్కి పోతోందా?

పాత డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతోందా? బ్యాంకు వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదా? వైరస్ అని కంగారుపడకండి. వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్‌ను కంప్యూటర్ తన తేదీతోనే సరిచూసుకుంటుంది. తేదీ తప్పితే నమ్మదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, ఎక్కువగా సీఆర్ 2032, 3 వోల్టులది. కంప్యూటర్ ఆపినా గడియారాన్ని నడిపించేది అదే, అది అయిపోయి ఉంటుంది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, క్యాబినెట్ పక్క రేకు విప్పండి. సెల్ పక్కనున్న క్లిప్పు నొక్కితే అది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచేయండి.

ఎలాగూ విప్పారు కాబట్టి ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవండి. బీప్ బీప్ మంటూ తెర వెలగని సిస్టమ్‌లు ఈ ఒక్క పనితో లేచి కూర్చోవడం నేను చూశాను. పాత సెల్ మాత్రం పసిపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.