కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్: కొనేముందు, బిగించేముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. ఈ మధ్య మన మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “మావాడు కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్ కావాలంటున్నాడు. కరెంటున్న పెట్టెలో నీళ్లేమిటి? కొనివ్వమంటావా?” దీనికి జవాబు మనం బళ్లో చదువుకున్న ఉష్ణం పాఠంలోనే ఉంది.

ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. వీడియో ఎడిటింగ్‌కూ, పెద్ద గేములకూ వాడే ప్రాసెసర్లు కొన్ని 200 వాట్లు కూడా దాటుతాయి. అంటే పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండింటి వేడి అరచేతిలో ఇమిడే బిళ్లలోంచి వస్తోందన్నమాట. ఆ వేడి బయటికి పోకపోతే, సుమారు 95–100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

నీటి విశిష్టోష్ణం ఎక్కువని మన మాస్టార్లు చెప్పారు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కేలోగా, ఒక లీటరు గాలికంటే సుమారు 3,500 రెట్ల ఉష్ణాన్ని తీసుకుంటుంది. అందుకే ప్రాసెసర్ మీద రాగి బ్లాకు పెట్టి, పంపుతో అందులోకి నీళ్లు తిప్పి, ఆ వేడిని రేడియేటర్‌కు చేరవేస్తారు. అక్కడ ఫ్యాన్లు దాన్ని గాలిలోకి తోసేస్తాయి. కారు ఇంజన్‌లో జరిగేదీ ఇదే.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఇది ఫ్రిజ్ కాదు. మే నెలలో గది 40 డిగ్రీలుంటే, రేడియేటర్‌లోని నీళ్లు అంతకన్నా చల్లబడవు.

కాబట్టి డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె తెరిచి దుమ్ము దులపండి. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయించండి. పనికి ముందు, తర్వాత ఉష్ణోగ్రత రాసుకోండి. చాలా ఇళ్లలో కథ ఇక్కడితోనే ముగుస్తుంది.

ఇంకా అవసరమైతే, కంపెనీలోనే నీళ్లు నింపి సీలు చేసిన సెట్టుతో మొదలుపెట్టండి. 240 మిల్లీమీటర్ల రేడియేటర్ అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పట్టేది. కొనేముందు క్యాబినెట్‌లో చోటు కొలుచుకోవాలి. గాలి బుడగలు పైకి చేరతాయి కనుక, పంపు ఆ వలయంలో అన్నిటికంటే ఎత్తున ఉండకూడదు.

గొట్టాలు కోసి సొంతంగా అమర్చుకోవడం రెండో మెట్టు. అక్కడ మూడు నియమాలు. రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్ కలపవద్దు. రెండు లోహాలూ ఒకే నీటిలో ఉంటే ఘటంలో జరిగే చర్యే ఇక్కడా జరిగి అల్యూమినియం తినేసుకుపోతుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పోయవద్దు. తుప్పు, నాచు పట్టకుండా ఈ పనికోసమే తయారుచేసిన ద్రవం వాడాలి. అది కరెంటు ప్రసరింపజేయదని రాసి ఉన్నా ధీమా పడవద్దు, దుమ్ము కలిస్తే ప్రసరింపజేస్తుంది. చివరిగా, మిగతా భాగాలకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే ఒక రోజంతా నడిపి, అతుకుల కింద పెట్టిన టిష్యూ కాగితం తడిసిందేమో చూడాలి. ఒక్క చుక్క మదర్‌బోర్డు మీద పడితే వేల రూపాయల వస్తువు పోతుంది.

మన బడి కంప్యూటర్ గదికి కూడా పెట్టిద్దామా అని ఒక మిత్రుడు అడిగాడు. వద్దంటాను. అక్కడి పనికి మామూలు ఫ్యాన్లు చాలు. ఆ డబ్బుతో కిటికీలకు దుమ్ము ఆపే జాలీ, ఏటా రెండుసార్లు శుభ్రం చేయించే ఏర్పాటు చేద్దాం.

ఇంట్లో పిల్లలు అడిగితే మాత్రం వెంటనే కాదనకండి. ఉష్ణోగ్రత కొలవడం, చోటు కొలవడం, లెక్క వేయడం వాళ్లచేతే చేయించండి. ఆ లెక్కలో అవసరం తేలితే కొనివ్వండి. తేలకపోయినా, పాఠం పుస్తకంలోంచి చేతికి వచ్చినట్టే.